ఇంటికి తగిన ఆర్కిడ్ ఏది?

పుష్పజాతులలో ఆర్కిడ్ కుటుంబమునకు ఒక విశిష్ట స్థానము కలదు. ప్రపంచమున దాదాపు 28,000 జాతుల ఆర్కిడ్లు ఉన్నవని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ 2019లో ప్రచురించిన గ్రంథమున మన దేశములోని 1,256 జాతులు పేర్కొనబడినవి. వానిలో 388 జాతులు మన దేశమున తప్ప అన్యత్ర కానరావు. ఇవి గాక మానవుడు సంకరము చేసి పుట్టించిన రకములు లక్షకు పైబడినవి. ఇంత విస్తారమైన సంపద నుండి ఒకటి రెండు మొక్కలను ఏరి ఇంటికి తెచ్చుకొనదలచిన వానికి కలుగు మొదటి సందేహము, దేనిని కొనవలెనన్నదే.

మేము వృక్షశాస్త్రాచార్యులము కాము. తెలుగు పాఠము చెప్పుకొనువారము. అయినను కొన్ని సంవత్సరములుగా ఈ మొక్కలను పెంచుచు, పెంచువారిని చూచుచు, వానిని గూర్చి చదువుచు నున్నందున, విద్యార్థి మిత్రులు పలుమారు అడుగు ఈ ప్రశ్నకు తగిన సమాధానమును ఇచ్చట క్రమముగా వ్రాయదలచితిమి. ఒక్క పూచిన ఆర్కిడ్ వెల విద్యార్థికి ఒక పాఠ్యపుస్తకపు వెల. ఒక్కొక్కప్పుడు రెండు మూడు పుస్తకముల వెల. మాఘమాసములో కొన్న మొక్క వైశాఖమునకు ఎండిపోయినచో నష్టపోవునది ధనము మాత్రమే కాదు. "ఆర్కిడ్లు మనకు అచ్చిరావు, అవి ధనవంతుల పూలు" అను నిరాశ మనసులో నాటుకొనును. నిజమునకు అనేక సందర్భములలో లోపము పెంచిన చేతిలో లేదు, ఎంపికలో ఉన్నది.

బదనిక కాదు

ఎంపికకు ముందు ఆర్కిడ్ స్వభావమును తెలిసికొనవలెను. మన పల్లెలలో చెట్టుపై మొలచిన ప్రతి మొక్కను బదనిక యనుట వాడుక. నిజమైన బదనిక తాను పట్టిన కొమ్మలోనికి వేళ్లు దింపి చెట్టు రసమును పీల్చును. ఆర్కిడ్ అట్లు చేయదు. చెట్టు దానికి నిలువ నీడ మాత్రమే. వాన నీటిని, గాలిలోని తేమను, బెరడుపై చేరిన ఆకుల చివుకును ఆధారము చేసికొని అది బ్రదుకును. దాని వేళ్లపై తెల్లని దూదివంటి పొర యొకటి కలదు. ఆ పొర నీటిచుక్కను క్షణములో పీల్చుకొని, పిమ్మట గాలికి ఆరిపోవును. తడిసినప్పుడు వేరు ఆకుపచ్చగాను, ఆరినప్పుడు వెండివలె తెల్లగాను కనిపించుటకు కారణమిదియే. ఈ వేళ్లను మట్టిలో పూడ్చినచో గాలియాడక కుళ్లును. ఇంట పెంచు ఆర్కిడ్లలో అధిక భాగము ఇట్టివే గనుక వానికి కుండీలో బొగ్గు, పెంకు ముక్కలు, కొబ్బరి డొప్ప ముక్కలు మాత్రమే ఉంచవలెను. నేలలో పెరుగు ఆర్కిడ్లు వేరుగా కలవు. వానిని గూర్చి ముందు చెప్పెదము.

ఈ కుటుంబము మనకు కొత్తది కాదు. మన మామిడి తోటలలో కొమ్మలను అంటిపెట్టుకొని కనిపించు వాండా టెసెలేటా అను మొక్కను విలియం రాక్స్‌బర్గ్ తన 'కోరమాండల్ తీరపు మొక్కలు' అను గ్రంథపు మొదటి సంపుటములో, 1795లో, చిత్ర సహితముగ వర్ణించెను. ఆయన 1793లో కలకత్తా ఉద్యానవనమునకు పోవుటకు ముందు మన గోదావరి ప్రాంతపు సామర్లకోటలో ఉండి మొక్కలను పరిశీలించినవాడు. వాండా అను పేరు సంస్కృతము నుండి పోయినదే. యునానీ వైద్యులు వాడు సాలబ్ మిస్రీ ఒక విధమైన ఆర్కిడ్ దుంప. అసలైన వెనిలా పరిమళము ఆర్కిడ్ కాయ నుండి లభించునది. కావున మన పాఠకులలో ఆర్కిడ్‌ను చూడనివారు ఉండవచ్చును గాని, దాని రుచి యెరుగనివారు తక్కువ.

ముందు ఇంటిని చూడవలెను

సాధారణముగా కొనువాడు పువ్వును చూచి కొనును. ఇది వరుసను తలక్రిందులు చేయుట. పువ్వు కొన్ని వారములు ఉండును. మొక్క సంవత్సరమంతయు ఉండవలెను. కావున దుకాణమునకు పోవుటకు ముందు నాలుగు విషయములను మన యింటనే పరిశీలింపవలెను.

మొదటిది వెలుతురు. మొక్కను ఉంచదలచిన చోట మధ్యాహ్నపు వేళ ఒక తెల్లకాగితము పరచి, దానికి అడుగు ఎత్తున చేయి చాపి నీడను చూడవలెను. నీడ అంచులు స్పష్టముగా ఉన్నచో అది తీవ్రమైన వెలుతురు. అంచులు మసకగా ఉన్నచో మధ్యమము. నీడయే కానరానిచో అక్కడ ఏ ఆర్కిడ్ పూయదు. పాశ్చాత్య గ్రంథములు దక్షిణపు కిటికీని ప్రశంసించును. అవి వ్రాయబడిన దేశములలో సూర్యుడు సంవత్సరమంతయు దక్షిణముననే ఉండును. మన హైదరాబాదు అక్షాంశమున మే, జూన్, జూలై నెలలలో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తిని దాటి కొంత ఉత్తరమునకు వాలును. మనకు తూర్పు వసారా ఉత్తమము. ఉదయపు లేత యెండ తగిలి, పదిగంటల తరువాత నీడ వచ్చును. పడమటి గోడ వేసవిలో కొలిమివంటిది.

రెండవది వేడిమి, ముఖ్యముగా రాత్రి వేడిమి. ఆర్కిడ్లను పెంచువారు వానిని మూడు తరగతులుగా విభజింతురు. రాత్రివేళ 18 డిగ్రీలకు తగ్గని వెచ్చదనమును కోరునవి కొన్ని. సుమారు 13 నుండి 16 డిగ్రీల రాత్రులకు సంతసించునవి కొన్ని. 10 డిగ్రీలకు చేరువగా చల్లని రాత్రులు లేనిదే తృప్తిపడనివి కొన్ని. మే నెలలో 40 డిగ్రీలు దాటు మన మైదానములలో ఈ మూడవ తరగతి మొక్క కొనుట ధనమును ఏటిలో వేయుటయే.

మూడవది తేమ, నీరు. సముద్రతీరమున విశాఖపట్టణములో గాలియే తడిగా ఉండును. తెలంగాణ, రాయలసీమ మైదానములలో చైత్ర వైశాఖముల గాలి ఎండు గాలి. నీటి గుణమును సహితము గమనింపవలెను. మరగించిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టు బోరు నీటిలో లవణములు హెచ్చు. ఆ లవణములు వేళ్ల కొనలను మాడ్చును. అట్టి యింటివారు వాన నీటిని పట్టి నిలువ చేసికొనగలరేమో ముందు ఆలోచించుకొనవలెను.

నాలుగవది తీరిక. వేసవి సెలవులలో స్వగ్రామమునకు పోవు విద్యార్థి తన గదిలోని మొక్కకు నీరెవరు పోయుదురో కొనుటకు ముందే నిశ్చయించుకొనవలెను. ప్రతిదినము నీరు కోరు మొక్క అతనికి తగదు.

ఏయే రకములు ఎవరికి

ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము దొరికిన పిమ్మట రకముల ఎంపిక సులభమగును. నర్సరీలలో విరివిగా లభించు రకములను మాత్రమే ఇచ్చట విచారింతము.

డెండ్రోబియం: ఇది వందలాది జాతులు గల పెద్ద ప్రజాతి. అందులో ఫెలనాప్సిస్ పువ్వును పోలిన పూలు పూచు సంకర రకములు మన మైదానములకు మిక్కిలి అనుకూలములు. ఇవి వెచ్చని దేశపు జాతుల నుండి పుట్టినవి. చెరకు గడవంటి కాండములలో నీటిని నిలువ చేసికొనును గనుక ఒక పూట మరచినను చావవు. సగము నీడనిచ్చు వల క్రింద చక్కగా పెరుగును. పూలగుత్తి నెల నుండి రెండు నెలల వరకు నిలుచును. అయితే ఇదే ప్రజాతికి చెందిన నోబిలే రకములు వేరు. వానికి చల్లని, పొడి శీతకాలము కావలెను. దుకాణదారుడు డెండ్రోబియం అని మాత్రమే చెప్పినచో, ఏ డెండ్రోబియం అని అడుగుట కొనువాని విధి.

స్పాథోగ్లాటిస్: ఇది నేల ఆర్కిడ్. నీరు నిలువని గుల్లమట్టిలో, ఆకు ఎరువు కలిపిన కుండీలో సాధారణమైన పూలమొక్కవలె పెరుగును. ఊదా, గులాబి, పసుపు రంగుల పూలు ఒకదాని వెంట ఒకటిగా విచ్చును. పువ్వు చిన్నది, వెల తక్కువది, మొక్క మొండిది. మొదటిసారి పెంచువానికి ఈ మూడును సుగుణములే.

ఫెలనాప్సిస్: నేడు దుకాణములలో అన్నింటికంటె అధికముగా కనిపించునది, బహుమతిగా ఇచ్చి పుచ్చుకొనునది ఇదియే. దీని పూలు రెండు మూడు నెలలు వాడవు. నీడలోనే పెరుగును గనుక ఇంటిలోపల కిటికీ యొద్ద ఉంచవచ్చును. అయితే ఒక రహస్యము కలదు. దినమంతయు 28 డిగ్రీలకు మించిన వేడిలో ఉన్న ఫెలనాప్సిస్ ఆకులు వేయును గాని పూకాడ వేయదు. కొన్ని వారములు చల్లదనము తగిలిన పిమ్మటనే కాడ బయలుదేరును. హైదరాబాదు, కర్నూలు వంటి చోట్ల మార్గశిర పుష్యమాసముల రాత్రులు దీనికి సహాయము చేయును. అప్పుడు దానిని గదిలో మూసిపెట్టక, రాత్రి గాలి తగులు చోట ఉంచవలెను. తీరప్రాంతమువారికి రెండవ పూత కొంత కష్టము. ఈ సంగతి తెలియనివారు పూయని మొక్కను పారవేయుచున్నారు.

వాండా, మోకారా: నీలము, నారింజ, కుంకుమ రంగులలో కన్నులను కట్టివేయు పూలు వీనివి. వాండా జాతులను అరాక్నిస్ మొదలగు వానితో సంకరము చేయగా వచ్చినది మోకారా. ఇది 1960ల నాటి సింగపూరు సృష్టి. అదే సింగపూరులో 1893లో వెలుగునకు వచ్చిన వాండా మిస్ జోక్విమ్ 1981లో ఆ దేశపు జాతీయ పుష్పమైనది. ఇవి వేడిని లక్ష్యపెట్టవు. కాని వేళ్లు గాలిలో వ్రేలాడుచుండును గనుక దినమునకు ఒకసారి, ఎండు వేసవిలో రెండు మూడు సార్లు నీరు చల్లవలెను. వెలుతురు కూడ బలముగా కావలెను. మిద్దెపై వల పందిరి, ఇంట నిత్యము ఒక మనిషి ఉన్న తీరప్రాంతపు కుటుంబమునకు ఇవి శోభస్కరములు. వసతిగృహపు విద్యార్థికి కావు.

కాట్లియా, ఆన్సీడియం: కాట్లియా పూలు పెద్దవి, పలు రకములు సువాసన గలవి, రెండు మూడు వారములు మాత్రమే నిలుచును. ఆన్సీడియం పూలు చిన్న పసుపు సీతాకోకచిలుకల గుంపువలె ఉండును. మంచి వెలుతురు, ఆరి తడియు వేళ్లు, కొంత చల్లని రాత్రులు వీనికి ప్రియములు. హైదరాబాదు, బెంగుళూరు వాసులు, ఒక సంవత్సరము డెండ్రోబియంతో అభ్యాసము చేసిన పిమ్మట, వీనిని ప్రయత్నింపవచ్చును.

సింబిడియం: పెద్ద పూల సింబిడియంలను ఊటీలోను, సిక్కింలోను చూచి మోజుపడని యాత్రికుడుండడు. ఆ మొక్కకు శరత్కాలమున చల్లని రాత్రులు లేనిదే మొగ్గ పుట్టదు. మన మైదానములకు తెచ్చినచో గడ్డివలె దట్టముగా పెరిగి, ఏండ్ల తరబడి పూయక ఊరకుండును. యాత్రాస్థలమున చూచిన పువ్వును చూచి ఆనందించి అక్కడనే విడిచి వచ్చుట మేలు.

మొక్కను పరీక్షించుట

రకము నిశ్చయమైన పిమ్మట, ఆ రకపు పది మొక్కలలో దేనిని తీసికొనవలెనన్నది తరువాతి ప్రశ్న. పువ్వును చివర చూడవలెను; వేరును మొదట చూడవలెను. వేళ్లు గట్టిగా, తెల్లగా ఉండి కొనలు పచ్చగానో ఎర్రగానో మెరయుచున్నచో మొక్క పెరుగుదలలో ఉన్నదని అర్థము. వ్రేళ్లతో నొక్కగా మెత్తబడి నీరు కారునవి కుళ్లిన వేళ్లు. కుండీని మెల్లగా కదపగా మొక్క ఊగులాడినచో వేరు పట్టలేదని గ్రహింపవలెను. ఆకు లేత పచ్చగా నిటారుగా ఉండవలెను. నల్లపచ్చని ఆకులు చూపునకు ఇంపుగా ఉన్నను, మొక్కకు వెలుతురు చాలలేదని చెప్పు గుర్తులు. ఆకు అడుగుభాగమును, ఆకు కాండముల సందులను త్రిప్పి చూచి, పిండినల్లి గాని పొలుసు పురుగు గాని ఉన్నచో అచ్చటనే విడువవలెను. ఆకులపై పసుపు చారలు, పూలపై రంగు విరిగిన మరకలు వైరస్ తెగులునకు చిహ్నములు కావచ్చును. ఈ తెగులునకు మందు లేదు. ఒక మొక్కను కోసిన కత్తితోనే వేరొకదానిని కోసినచో అది వ్యాపించును.

పేరు చీటీ ఉన్న మొక్కను కొనుట మంచిది. పేరు తెలిసినచో దాని తల్లిదండ్రులు తెలియును; తల్లిదండ్రులు తెలిసినచో ఏ వాతావరణమును కోరునో తెలియును. సీసాలోని పసిమొక్కలు చవుకయే గాని, వానిని బయటికి తీసి బ్రదికించుట నేర్పుతో కూడిన పని. పూత చూచుటకు రెండు మొదలు ఆరేడు సంవత్సరములు పట్టును. మొదటిసారి కొనువాడు పూయు వయస్సు వచ్చిన మొక్కనే కొనవలెను. పూచిన మొక్క కొనదలచినచో సగము పూలు విచ్చి, సగము మొగ్గలుగా ఉన్నదానిని ఏరుకొనవలెను. కొనుటకు తగిన కాలము వేసవి కాదు. తొలకరి పడి గాలి చల్లబడిన తరువాత, ఆషాఢ శ్రావణములలో తెచ్చిన మొక్క ముందు వేసవి నాటికి వేళ్లు పాతుకొని నిలద్రొక్కుకొనును.

ఐదు రకములను ఒక్కొక్కటి చొప్పున కొనుటకంటె ఒకే రకమును రెండు కొనుట మేలు. ఒకదానిని తూర్పున, వేరొకదానిని ఉత్తరమున ఉంచి చూచినచో మన యింటి స్వభావమును మొక్కలే మనకు బోధించును.

కొనకూడనివి

ముదురు నీలి రంగు ఫెలనాప్సిస్ అని కొందరు అమ్ముచుందురు. అది తెల్లని పూకాడలోనికి రంగునీరు ఎక్కించి చేసిన పని. తరువాతి పూత తెల్లగానే వచ్చును. రంగురంగుల ఆర్కిడ్ విత్తనములని పొట్లములు కట్టి అమ్ముటయు కలదు. ఆర్కిడ్ గింజ ధూళివలె సన్నము. దానిలో మొలకకు వలసిన ఆహారము లేదు. అడవిలో ఒక విధమైన శిలీంధ్రము తోడ్పడిన గాని అది మొలకెత్తదు. ఈ సత్యమును 1899లో ఫ్రాన్సు దేశపు నోయెల్ బెర్నార్డ్ కనుగొనెను. శిలీంధ్రము లేకయే చక్కెర కలిపిన పోషక మాధ్యమముపై గింజలను మొలిపించు పద్ధతిని అమెరికాలో లూయిస్ నడ్సన్ 1922లో ప్రకటించెను. 1960లో జార్జ్ మోరెల్ మొక్క కొనలోని కణజాలము నుండి అనేక మొక్కలను పుట్టించు మార్గమును చూపెను. కావున కుండీలో చల్లిన పొట్లపు గింజ మొలచునన్న ఆశ వృథా.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, అడవి నుండి పెరికి తెచ్చిన మొక్క. ఆకులు చిరిగి, వేళ్లు తెగి, బెరడు ముక్కలు అంటుకొని, పేరు చీటీ లేక, రహదారి ప్రక్కన కుప్పగా పోసిన మొక్కలు ఇట్టివి. వెల తక్కువయని మనసు లొంగరాదు. అవి ఇంట బ్రదుకుట అరుదు; బ్రదికినను అడవికి కలిగిన లోటు తీరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1991లో జరిగిన సవరణ వలన నీలి వాండా, ఎర్ర వాండా, ప్యాఫియోపెడిలం జాతులు రక్షణ పొందినవి. అంతర్జాతీయ వ్యాపారములో ఆర్కిడ్ కుటుంబమంతయు సైటిస్ ఒప్పందపు నియంత్రణలో ఉన్నది. మన తూర్పు కనుమలలోని కొమ్మలపై ఉన్న వాండాలు, రింకోస్టైలిస్‌లు తగ్గిపోయినచో వానిని నమ్ముకొన్న కీటకములు కూడ తగ్గును. ప్రయోగశాల మనకు లక్షల మొక్కలను చవుకగా అందించుచుండగా అడవిని దోచిన మొక్కను కొనుటకు సమర్థన లేదు. సిక్కింలోని పాక్యోంగులో 1996లో నెలకొల్పబడిన జాతీయ ఆర్కిడ్ పరిశోధన కేంద్రము వంటి సంస్థలు ఈ సాగును ప్రోత్సహించుచునే ఉన్నవి.

తుది నిర్ణయము

పై చర్చ యంతయు కుదించి చెప్పుదుము. మైదాన ప్రాంతపు విద్యార్థి మొదట ఒకే రకపు డెండ్రోబియంలు రెండు కొనవలెను. అంత ధనము లేనిచో ఒక స్పాథోగ్లాటిస్ చాలును. ఎండ రాని గది మాత్రమే గలవారు, కిటికీలో మసక నీడయైనను పడునెడల, ఫెలనాప్సిస్ తీసికొనవలెను. తీరమున మిద్దెయు మనిషియు గలవారు వాండాను స్వీకరింపవచ్చును. సింబిడియం కొండలపైవారికి విడువవలెను.

కళాశాల కార్యవర్గమువారికి ఒక చిన్న మనవి. ప్రాంగణములో నీడనిచ్చు చెట్టు క్రింద పది డెండ్రోబియంలకు చోటు చూపి, వాన నీరు పట్టుటకు ఒక తొట్టి కట్టించినచో, ఆ మొక్కల పోషణభారమును విద్యార్థులే వంతులవారీగా వహింపగలరు. వేసవి సెలవులలో ఎవరు నీరు పోయుదురో ఆ పట్టీని మాత్రము మొక్కలు కొనుటకు ముందే తయారుచేయవలెను.